పిట్టకాలి కడియం

పేరాల పేరు వినగానే ఆంధ్రులకు 1921వ సంవత్సరం జ్ఞాపకం వస్తుంది. చీరాలను, పేరాలను కలిపి, ప్రజల ఇష్టానికి విరుద్ధంగా పురపాలక సంఘం కిందికి తెచ్చి, 4,000 రూపాయలున్న పన్నును 40,000 రూపాయలకు పెంచిన ప్రభుత్వానికి జవాబుగా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన సుమారు 13,000 మంది ఇళ్ళూ వాకిళ్ళూ విడిచి పొలిమేర దాటారు. పాకలు వేసుకుని, ఆ పాకల ఊరికి రామనగరమని పేరు పెట్టుకుని, దాదాపు 11 నెలలు ఎండకూ వానకూ ఓర్చుకున్నారు. వలస అంటే ఏమిటో, విడిచివచ్చిన ఇంటిమీద మమకారం ఎటువంటిదో పేరాలకు ఇంకొకరు చెప్పవలసిన పని లేదు.

అయితే ఆ చుట్టుపట్ల ఏటేటా మరొక వలస కూడా జరుగుతున్నది. దానికి నాయకుడు లేడు, చరిత్రకారుడు లేడు. ఆశ్వయుజ కార్తికాలలో, ఈశాన్యపు వానలకు పల్లాలు నిండి, మాగాణులలో వరి పొట్టకు వచ్చే వేళ, ఎవరూ చూడని ఏ అర్ధరాత్రో అసంఖ్యాకమైన పిట్టలు ఉత్తరదేశాలనుంచి ఎగిరివచ్చి దక్షిణాపథమంతటా దిగుతవి. కొన్ని తీరపు ఇసుకమీద, కొన్ని ఉప్పుకయ్యలలో, కొన్ని చేలలో, మరికొన్ని జమ్ముదుబ్బులలో నాలుగైదు నెలలు తలదాచుకుని, ఫాల్గుణ చైత్రాలలో వచ్చిన దారినే వెళ్ళిపోతవి. వచ్చినవి ఏవి? ఎక్కడివి? వెళ్ళినవానిలో తిరిగి వచ్చినవి ఎన్ని? గుప్పెడంత కూడా లేని పిట్టల విషయంలో ఈ ప్రశ్నలకు నమ్మదగిన సాక్షి చాలాకాలంపాటు ఒక్కటే. అది వాటి కాలికి తొడిగే సన్నని లోహపు కడియం.

జమ్ము

కృష్ణకు బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తి అయిన నాటినుంచి తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలు వరికి పుట్టిల్లు అయినవి. చేలకు పెట్టిన నీరంతా చేలలోనే ఇంకిపోదు. మిగిలినది మురుగుకాలువల వెంట సముద్రాన్ని చేరాలి. చేరబోయే వేళకు ఇసుకదిబ్బలు అడ్డు నిలుస్తవి. పోటు వచ్చి వెనక్కు నెడుతుంది. అందుచేత డెల్టాకు పడమటి అంచున, పేరులోనే రొంపి ఉన్న రొంపేరు మొదలైన మురుగుకాలువల పక్కన, దిబ్బల వెనుక పల్లాలలో, నీరు నిలువ ఉంటుంది. నీరు నిలిచినచోట జమ్ము మొలుస్తుంది. జమ్ముతోపాటు కిక్కిస, తుంగ వాటంతట అవే వస్తవి.

ఈ జమ్ముమీద మనుష్యుల అభిప్రాయం ఒక్కటిగా లేదు. పేదవానికి అది పాకకు కప్పు, పెరటికి దడి, పడుకోవడానికి చాప. రైతుకు మాత్రం అది శత్రువు. కాలువలో జమ్ము పెరిగి, దానికి గుర్రపుడెక్క తోడై నీటిదారి మూసుకుపోతే, తుఫాను వచ్చిన నాడు మునిగేది అతని చేను. అధికారి లెక్కలలో అది ఎందుకూ పనికిరాని బాడవ. ముగ్గురి మాటలోనూ నిజం ఉన్నది. కాని నాలుగవ పక్షం ఒకటి ఉన్నది. దాని మాటను వినిపించుకునేవారే తక్కువ.

జమ్ముకోడి తన పేరులోనే జమ్మును మోస్తున్నది. గిజిగాడు పొడుగుపాటి ఆకులను నిలువునా చీల్చుకునిపోయి గూడు అల్లుతాడు. నారాయణపక్షి ఆ దుబ్బుల అంచున తపస్సు చేస్తుంది. చలికాలపు సాయంకాలాలలో వానకోవెలలూ కాటుకపిట్టలూ గుంపులు గుంపులుగా వచ్చి, ఇటువంటి జమ్ములో రాత్రి బస చేస్తవి. చుట్టూ నీరు ఉండడంచేత పిల్లీ ముంగిసా అక్కడికి సులభంగా చేరలేవు. ఇవన్నీ కంటికి కనుపించేవి. కనుపించనివి ఇంకా లోపల ఉంటవి.

తులం తూగని బాటసారి

లోపల ఉండేవానిలో ఒకదాని కథ తెలుగుదేశానికి దగ్గరి సంబంధం కలది. పిచ్చుకకంటె చిన్నది, వీపు ఎండుగడ్డి రంగు, పొట్ట లేతపసుపు కలిసిన తెలుపు, కంటిమీద ఒక తెల్లని గీత. ఇంతకు మించి చెప్పుకోదగిన అలంకారం దానికి లేదు. జమ్ములోనూ వరిచేలోనూ కాడనుంచి కాడకు జారుతూ పురుగులు ఏరుకుంటుంది. 'చెక్, చెక్' మని గొంతు వినిపిస్తుందేగాని మనిషి కంటపడదు. నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన టి. సి. జెర్డన్ ఆ ప్రాంతంలో దొరికిన పిట్టను పరిశీలించి, 1845లో దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. లాటిను భాషలో 'అగ్రికోల' అని పేరు పెట్టాడు. అగ్రికోల అంటే సేద్యగాడు. వరిచేలో కనుపించిన పిట్టకు రైతు అని పేరు పెట్టిన ఆ జెర్డనే తరువాత తన గ్రంథంలో పక్షులకు తెలుగుపేర్లను కూడా చేర్చి, మన భాషకు ఎంతో ఉపకారం చేశాడు.

ఈ 'రైతు' పుట్టిన ఊరు మాత్రం నెల్లూరు కాదు, బాపట్లా కాదు. నల్లసముద్రపు ఒడ్డునుంచి కజకస్థాను గడ్డిమైదానాల మీదుగా చైనా పడమటి సీమలవరకు గల జమ్ముమడుగులలో అది గూడు కట్టుకుంటుంది. చలికాలానికి హిందూదేశం చేరుతుంది. ఒక తులం బంగారమంత కూడా తూగని ప్రాణి, వేల మైళ్ళు, చాలాభాగం రాత్రిళ్ళు, తల్లిదండ్రులు దారి చూపకుండానే ఎగిరి వస్తుంది. అయితే దాని జన్మభూమి తూర్పునుంచి పడమటికి కొన్ని వేల మైళ్ళ పొడవు ఉన్నది. కృష్ణాడెల్టాలో దిగే పిట్ట నల్లసముద్రపు పిట్టా, చైనా పిట్టా? రెంటినీ పక్కపక్కన పెట్టి చూచినా రూపంలో తేడా కనుక్కోవడం కష్టం. ఈ ముడి విప్పాలంటే ముందు పిట్టను పట్టాలి. పట్టి, గురుతు పెట్టి, మళ్ళీ వదలాలి.

తెల్లవారుజామున

జమ్ములో కడియాలు తొడిగే పని ఏ దేశంలో జరిగినా దాని వరస ఒకటే. ముందుగా దుబ్బుల మధ్య ఒక సన్నని బాట కోస్తారు. ఆ బాట వెంట గడకర్రలు పాతి, వాటికి వలలు కడతారు. ఈ వల మామూలు వల కాదు. జపాను వేటగాళ్ళు తినడానికి పిట్టలను పట్టుకునేందుకు వందల ఏళ్ళక్రితం పట్టుదారంతో అల్లినది. వారు దానికి మంచుతెర అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత ఆ దేశంలో ఆ వేటను నిషేధించారు. వేటగాని వల శాస్త్రజ్ఞుని చేతికి వచ్చింది. పట్టుకు బదులు నైలాను వచ్చింది. మగ్గం మీద సన్ననూలు ఆడించే పేరాల నేతపనివారికి కూడా ఆశ్చర్యం కలిగించేటంత సన్నని దారం. నల్లని ఆ దారం జమ్ము నీడలో కలిసిపోయి, నాలుగడుగుల దూరాన మనిషికే కనుపించదు.

వల బిగువుగా కడితే పిట్ట తాకి వెనక్కు ఎగిరిపోతుంది. కనుక వల పొడవునా నాలుగైదు అడ్డుతాళ్ళు బిగువుగా లాగి, వాటి మధ్య అల్లికను వదులుగా వదలుతారు. పిట్ట తాకగానే ఆ వదులు అల్లిక జోలెవలె కిందికి సాగి దానిని అందులోకి తీసుకుంటుంది. సూర్యుడు పైకి వస్తే దారం మెరుస్తుంది. గాలి వీస్తే వల ఆడుతుంది. వాన కురిస్తే చిక్కిన పిట్ట తడిసి చలికి చస్తుంది. అందుకని గాలీ వానా లేని రోజు చూచి, కోడికూతకు ముందే వలలు విప్పి, ఎండ ముదరక ముందే కట్టివేస్తారు. అది శాస్త్రంలో రాసిన నియమం కాదు. పిట్ట ప్రాణం విధించిన నియమం.

వల విప్పినవారికి ఆ తరువాత కూర్చునే తీరిక లేదు. అరగంటకు మించకుండా మోకాలిలోతు నీటిలో నడిచి ప్రతి వలనూ చూచిరావాలి. చిక్కిన పిట్ట ఏ వైపునుంచి వచ్చి పడినదో మొదట కనిపెట్టాలి. వచ్చినవైపునుంచే విడిపించాలి. సాధారణంగా కాళ్ళు ముందు, ఆ తరువాత రెక్కలు, చివరకు తల. తొందరపడిన వేలు రెక్కను విరుస్తుంది. విడిపించిన పిట్టను గుడ్డసంచిలో వేసి మూతి బిగిస్తే, చీకటిలో అది కదలక మెదలక ఉంటుంది. గట్టుమీద కూర్చున్నవారు సంచిలో చెయ్యి పెట్టి, చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య మెడ నిలిచేటట్లు, వీపు అరచేతికి ఆనేటట్లు పట్టుకుంటారు. గొంతు నొక్కకూడదు; రొమ్ము అసలే నొక్కకూడదు, పిట్ట ఊపిరాడేది రొమ్ము కదలికతోనే.

ముందుగా కడియం. కాలి లావునుబట్టి కడియపు కొలత ఉంటుంది. నోటికి గుండ్రని గంటు ఉన్న పట్టకారుతో దానిని కాలిచుట్టూ మూస్తారు. అది కాలిమీద పైకీ కిందికీ జారాలి, చుట్టూ తిరగాలి, కాని ఊడిపోకూడదు. జమ్ముపిట్టకు తొడిగే కడియం దాని బరువులో నూరవవంతు కూడా ఉండదు. కడియంమీద ఒక అంకె, ఒక చిరునామా. ఆ తరువాత రెక్క పొడవు కొలుస్తారు. రొమ్ముమీద ఈకలను నోటితో మెల్లగా ఊది, పలుచని చర్మం కింద కొవ్వు ఎంత ఉన్నదో చూస్తారు. ప్రయాణానికి సిద్ధమయిన పిట్టకు గొంతుగుంటలో పసుపుపచ్చని కొవ్వు నిండి ఉంటుంది. అదే దాని దారిబత్తెం. ఈకల అరుగుదలనుబట్టి అది ఈ ఏటి పిల్లా, పాత పిట్టా అని నిర్ణయిస్తారు. తూచి, పుస్తకంలో రాసి, అరచెయ్యి విప్పుతారు. ఇదంతా కొద్ది నిమిషాల పని. చెయ్యి తిరిగినవారికి ఇంకా తక్కువ.

డెన్మార్కు బడిపంతులు

ఈ పనికి ఆద్యుడు రాజూ కాదు, పెద్ద విద్యాపీఠపు పండితుడూ కాదు. డెన్మార్కులో వీబోర్గు అనే పట్టణంలో బడిపంతులుగా ఉన్న హన్స్ క్రిస్టియన్ మోర్టెన్సెన్. 1899లో ఆయన 165 గోరువంకజాతి పిట్టలను పట్టి, అంకె, చిరునామా చెక్కిన అల్యూమినియపు కడియాలను తొడిగి వదిలాడు. అంతకుముందు పిట్టలకు దారాలూ రంగులూ కట్టి చూచినవారు లేకపోలేదు. కాని ఏ పిట్టకు ఆ పిట్టను వేరుగా గుర్తుపట్టే ఉపాయాన్ని క్రమపద్ధతిని అమలు జరిపినవాడు ఆయనే. ఒక పంతులు తన విద్యార్థుల పేర్లు హాజరుపట్టీలో ఎక్కించినట్లే పిట్టలను ఎక్కించాడు. పట్టీలో ఎక్కిన విద్యార్థి మరునాడు బడికి రాకపోతే పంతులుకు తెలుస్తుంది. పిట్ట సంగతి కూడా అంతే.

మన దేశంలో ఈ పనిని భుజాన వేసుకున్నది 1883లో స్థాపితమయిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ. తొలిరోజులలో ధార్ సంస్థానాధీశుని సహాయంతో బాతులకు కడియాలు తొడిగారు. పెద్ద ఎత్తున పని మొదలయినది మాత్రం ఒక జబ్బువల్ల. 1957లో మైసూరు రాష్ట్రంలో, షిమోగా జిల్లాలోని క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడసాగినవి. అడవికి పోయినవారికి జ్వరాలు వచ్చినవి. ఆ జబ్బుక్రిమి రష్యాదేశపు అడవులలో కనుపించే ఒక మెదడువాపు జ్వరపు క్రిమికి దగ్గరిచుట్టమని తేలింది. దానితో, సైబీరియానుంచి వచ్చే వలసపిట్టలు తమ ఒంటిమీది గోమార్లతోపాటు దానిని మోసుకువచ్చినవేమో అన్న అనుమానం పుట్టింది. ఆ అనుమానం తీర్చడానికి 1959లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సహాయంతో, డాక్టరు సాలిం అలీ నాయకత్వాన పిట్టల వలసపరిశోధన ఆరంభమయింది.

జబ్బును పిట్టలు తెచ్చినవనడానికి ఆధారం దొరకలేదు. నేరం మోపి తెచ్చిన ముద్దాయి నిర్దోషి అయింది. కాని విచారణలో బయటపడిన సంగతులు నేరంకంటె గొప్పవి. భరతపురం వంటిచోట్ల కడియాలు తొడిగిన బాతులు హిమాలయాలను దాటి సోవియటుభూమిలో దొరికినవి. అక్కడినుంచి బొంబాయికి జాబులు వచ్చినవి. రెండు దేశాల మధ్య ఏ రాయబారీ చేయలేని లెక్కను పిట్టకాళ్ళు చేసినవి.

139 ఏళ్ళ మరుగు

చేతికి చిక్కిన పిట్ట ఏమి చెప్పగలదో తెలుసుకోవడానికి జమ్ములోనే జరిగిన ఒక వింత ఉన్నది. 1867లో ఏ. ఓ. హ్యూమ్, తరువాతికాలంలో కాంగ్రెసు మహాసభ స్థాపకులలో ఒకడయినవాడు, సట్లెజ్ నదిలోయలో ఒక గోధుమరంగు జమ్ముపిట్టను సేకరించాడు. ముక్కు కొంచెం పెద్దది. దానివంటి రెండవ పిట్టను ఎవరూ బ్రతికిఉండగా గుర్తుపట్టలేదు. అది వేరే జాతియా, లేక మామూలు జాతిలో ఒక వికారమా అని పండితులు తర్కించుకుంటూనే ఒక శతాబ్దం గడిచింది. పెట్టెలో ఒక్క పిట్ట తోలు. ప్రపంచంలో అంతకు మించి సాక్ష్యం లేదు.

2006వ సంవత్సరం మార్చి 27వ తేదీన థాయిలాండులో, మురుగునీటిని శుద్ధిచేసే ఒక క్షేత్రంలో, ఫిలిప్ రౌండ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు యథాప్రకారం కడియాలు తొడుగుతున్నాడు. వలలో పడిన ఒక పిట్ట ముక్కు పొడవు, రెక్క పొట్టితనం ఆయన లెక్కలకు కుదరలేదు. రెండు ఈకలను తీసి స్వీడనుకు పంపాడు. అక్కడ జన్యుపదార్థాన్ని పరీక్షించి, హ్యూమ్ పిట్టయే ఇది అని తేల్చారు. 139 ఏళ్ళు మనుష్యుల కంటపడకుండా తిరిగిన జాతి మురుగుకాలువ పక్కన దొరికింది. ఆ తరువాత కొద్ది ఏళ్ళకు ఆఫ్గనిస్తానులోని వాఖాన్ లోయలో దాని సంతానం కూడా కనుపించింది. అది నిజానికి ఎక్కడికీ పోలేదు. చేత పట్టుకుని కొలిచినవారు లేకపోయినారు, అంతే. కనుక మురుగుకాలువను, దాని పక్కన జమ్మును చులకనగా చూచేవారు ఈ ఉదంతాన్ని ఒకసారి తలచుకోవడం మంచిది.

పట్టే చేతులు

ఈ చరిత్రలో శాస్త్రజ్ఞుల పేర్లు గ్రంథాలకు ఎక్కినవి. పిట్టను పట్టిన చేతుల సంగతి అంతగా ఎక్కలేదు. సాలిం అలీ బృందానికి కొండంత అండగా నిలిచినవారు బీహారుకు చెందిన మీర్‌షికారులు. తరతరాలుగా పిట్టలను పట్టి బ్రతికినవారు. వారిలో అలీ హుస్సేన్ పేరు పక్షిశాస్త్రజ్ఞులందరికీ తెలిసినదే. ఏ పిట్ట ఏ వేళకు ఏ గడ్డిలోకి దిగుతుందో, ఏ ఉచ్చు దానికి దెబ్బ తగలకుండా పట్టుతుందో వారికి చదువు చెప్పినది ఆకలి.

తెలుగుదేశానికీ ఇటువంటి ఘట్టం ఒకటి ఉన్నది. జెర్డన్ పేరు మోస్తున్న కలివికోడి అంతరించిపోయినదని 1900 తరువాత అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో కడపజిల్లా సిద్ధవటం సమీపాన రెడ్డిపల్లె దగ్గర, ఐతన్న అనే స్థానికుడు రాత్రివేళ దీపపు వెలుగులో ఆ పిట్టను చేతితో పట్టుకున్నాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞులు వెతుకుతున్నది దానినే. పిట్ట కొద్దిరోజులకే చనిపోయింది. ఆ నష్టం చిన్నది కాదు. కాని జాతి బ్రతికే ఉన్నదని లోకానికి రుజువు చేసినది ఆ చెయ్యే. కాలువల వెంట, చిత్తడినేలల వెంట బ్రతుకు వెళ్ళదీసే యానాదులవంటివారికి కృష్ణాడెల్టా జమ్ములో దేనికి ఏది ఇల్లో తెలుసు. ఆ తెలివిని పుస్తకం ఇంకా పూర్తిగా అందుకోలేదు.

జాబుకు జవాబు

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకు వస్తున్నాము. కడియం ఒక జాబు. జాబు రాసినవారు ఒకరు; అందుకునేది ఎవరో వారికి తెలియదు. ఏ దేశంలో, ఏ భాషవాని చేత పడుతుందో తెలియదు. వెయ్యి చిన్నపిట్టలకు కడియాలు తొడిగితే దూరదేశంనుంచి నాలుగైదింటి కబురు వచ్చినా అదృష్టమే. వచ్చిన ఆ కబురు కూడా చాలావరకు చావుకబురే. తుపాకికి పడినదో, వలకు చిక్కినదో, తుఫానుకు ఒడ్డున కొట్టుకువచ్చినదో అయితే తప్ప పాతకాలంలో కడియంమీది అంకె చదవడానికి పిట్ట చేతికి దొరికేది కాదు. దేశదేశాలనుంచి బొంబాయికి చేరిన కబుర్లలో వేటగాళ్ళ చేతులమీదుగా వచ్చినవి ఎన్నో. అంటే, పిట్టను చంపినవాని నిజాయితీమీద పిట్టలశాస్త్రం ఆధారపడి నిలిచింది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వలసపిట్టలను పట్టడం, చంపడం నేరమయింది. కడియాలు తొడగడానికి సైతం ప్రభుత్వపు అనుమతి కావాలి. చట్టం రావలసినదే, రాకపోతే ఈపాటికి మిగిలేవి తక్కువ. కాని చీకటిమాటున బాతులకు వలలు పన్నేవారు డెల్టాలో పూర్తిగా పోలేదు. అటువంటి వలలో కడియమున్న పరజ పడితే పన్నినవాడు ఏమి చేస్తాడు? జాబు రాస్తే నేరం ఒప్పుకున్నట్లే. కనుక కడియాన్ని కాలువలో పారవేస్తాడు. లేదా పిల్లవాడు దానిని ఆటవస్తువుల్లో దాచుకుంటాడు. ఎక్కడో కజకస్థానులోనో, భరతపురంలోనో ఒకరు తెల్లవారుజామున నీటిలో నిలబడి రాసిన జాబు ఇక్కడి బురదలో అంతమవుతుంది. దాని మీది ఆంగ్లాక్షరాలు చదవలేక ఊరుకున్న అమాయకులు వేరే.

ఈ చిక్కుకు కొంత పరిష్కారం ఇటీవల దొరికింది. పెద్దపిట్టల కాలికి, దూరాన్నుంచి చదవదగిన అక్షరాలున్న రంగు పట్టీలను కడుతున్నారు. చంబలునది ఇసుకలంకలలో అటువంటి పట్టీలు కట్టిన స్కిమ్మరు పక్షులు, కింది ముక్కుతో నీటిని దున్నుతూ ఎగిరేవి, మన కాకినాడ తీరంలో కనుపించినవి. వాటిని పట్టలేదు, కొట్టలేదు. దుర్భిణితో చదివి కబురు పంపారు. ఇంకా పెద్దవాటికి ఉపగ్రహాలతో మాటలాడే యంత్రాలు ఉన్నవి. 2022లో అలాస్కాలో అటువంటి యంత్రం కట్టిన ఒక గాడ్‌విట్ పిల్ల, ఎక్కడా దిగకుండా 11 రోజులలో 13,560 కిలోమీటర్లు ఎగిరి టాస్మేనియా చేరినట్లు లోకమంతా చూచింది. కాని పది గ్రాముల జమ్ముపిట్ట అటువంటి బరువు మోయలేదు. దానికి ఇంకా చాలావరకు కడియమే గతి. కడియానికి మనిషే గతి.

జమ్ముకోత

దూరదేశపు కబురు రాకపోయినా కడియం ఊరక పోదు. ఒకే జమ్ములో ఏటేటా వలలు పన్నితే, నిరుడు తొడిగిన కడియంతోనే అదే పిట్ట అదే దుబ్బుకు తిరిగి రావడం ఎన్నోచోట్ల చూశారు. వేల మైళ్ళు ఎగిరిపోయి, మళ్ళీ తన గజం జాగాకు వచ్చిన పిట్టకు ఆ జాగా లేకపోతే ఏమవుతుంది? పక్క జమ్ములో అప్పటికే ఇంకొకటి కాపురం ఉంటుంది. ఎన్ని తిరిగివచ్చినవి, ఎన్ని కొవ్వు పట్టి వెళ్ళినవి అనే లెక్క కొన్ని ఏళ్ళు జరిగితే, ఏ జమ్ము ఏ నెలలో ఎంత విలువైనదో అంకెలతో చెప్పవచ్చును. అప్పుడు జమ్ము బాడవ అనే మాటకు ఎదురుగా పెట్టడానికి ఒక పుస్తకం ఉంటుంది.

రైతు బాధను తోసిపుచ్చి పిట్టను కాపాడడం న్యాయం కాదు, సాధ్యమూ కాదు. తుఫాను నీరు పోవాలంటే మురుగుకాలువ బాగుచెయ్యవలసిందే. అయితే వేసవిలో కాలువలు కట్టివేసిన రోజులకు వలసపిట్టలు వెళ్ళిపోయి ఉంటవి. ఇక్కడి జమ్ముకోడి వగైరాలు గూళ్ళు పెట్టేది సాధారణంగా వానలు పడిన తరువాత. కాలువ నడుమ నీటిదారిని ఆ రోజులలో శుభ్రపరచి, పక్కపల్లాలలో జమ్మును మాత్రం ఒక్కసారిగా తగులబెట్టకుండా, చొప్పున చొప్పున కోసుకుంటే, చేనుకు మురుగుపోతుంది, పాకకు కప్పు దొరుకుతుంది, కార్తికంలో వచ్చినదానికి నిలువనీడ ఉంటుంది. అసలు ప్రమాదం కోతవల్ల కాదు; పల్లాన్ని శాశ్వతంగా పూడ్చడంవల్ల, చెరువులుగా తవ్వివేయడంవల్ల. కోసిన జమ్ము మళ్ళీ మొలుస్తుంది. పూడిన పల్లంలో మొలవదు.

కడియం కంటబడినవారు చేయవలసినది స్వల్పం. పిట్ట ప్రాణంతో ఉంటే కడియాన్ని తీయకూడదు. అంకెను రాసుకుని పిట్టను వదలాలి. చనిపోయినదయితే కడియాన్ని పారవేయకుండా భద్రపరచి, దాని అంకె, దొరికిన తేదీ, ఊరు, దొరికిన విధం నాలుగు ముక్కలు తెలుగులోనైనా సరే రాసి, బొంబాయిలోని ఆ సొసైటీకి పంపాలి. పంపడం తెలియనివారు ఊరి బడిపంతులుకు ఇచ్చినా చేరుతుంది. జాబు రాసినవానిని నేరస్థునిగా కాక సాక్షిగా చూచే పెద్దమనసు అధికారులకు ఉండాలి. పేరాల ప్రజలు రామనగరంనుంచి తిరిగివచ్చేనాటికి వారి ఇళ్ళు అక్కడే ఉన్నవి. జమ్ములోనుంచి వెళ్ళిన పిట్టకు కూడా అంతమాత్రం దక్కాలంటే, అది ఎక్కడికి వెళ్ళి ఎక్కడికి తిరిగివస్తున్నదో ముందు మనం తెలుసుకోవాలి.